నా వంతుకొచ్చిన మనవి

ఆ వేసవి దాకా దేవుడికి పనులు పురమాయించడంలో నన్ను మించిన మనిషి మా కాలనీలో లేదు. మోకరించానంటే చాలు, ఏ పని ఎప్పటికి కావాలో, ఎవరి చేత చేయించాలో, ఎవరిని అడ్డం తప్పించాలో వరసపెట్టి చెప్పుకుపోయేదాన్ని. చివర్లో "నీ చిత్తమే జరగనీ" అని కూడా అనేదాన్ని, ఉత్తరం చివర "ఇట్లు" అని రాసినట్టు. ఆ మాటకు ఒక అర్థం ఉండొచ్చని నాకు తట్టలేదు.

మా ఆయన ఇందుకు పూర్తిగా ఎదురు. ఆదివారం చర్చికి వచ్చేవాడు, వెనక బెంచీలో కూర్చునేవాడు, అందరూ లేస్తే లేచేవాడు. ఎవరైనా ప్రార్థన చేయమంటే పక్కవాడి మొహం చూసేవాడు. ఇంటికొచ్చాక నేను సాధిస్తే, "అడగడం నాకు రాదే" అనేవాడు. ఆయనకు వచ్చిందల్లా ఒక్కటే, బట్టీ. గాజు సీసాల ఫ్యాక్టరీలో పదకొండేళ్ళుగా బట్టీ మేస్త్రీ. ఆ వేడికి రెప్పల వెంట్రుకలు ఎప్పుడో మాడిపోయాయి. కంతలోంచి నీలం అద్దం పెట్టి మంటను ఒక్కసారి చూస్తే చాలు, ఏ బర్నరు పెంచాలో ఏది తగ్గించాలో చెప్పేసేవాడు. మీటర్లు చెప్పే లెక్క తర్వాత వచ్చేది.

గాజు బట్టీ ఇంట్లో పొయ్యిలాంటిది కాదు, కావాలంటే వెలిగించి అక్కర్లేదంటే ఆర్పుకోవడానికి. ఒకసారి వెలిగించాక పదీ పన్నెండేళ్ళు రాత్రీపగలూ మండుతూనే ఉండాలి. లోపల పెద్ద తొట్టి నిండా గాజు కరిగి ఉంటుంది. మంట ఆగితే అది గడ్డకడుతుంది, చల్లబడేకొద్దీ చుట్టూ ఉన్న ఇటుక పగిలిపోతుంది. ఆ తర్వాత మళ్ళీ వెలిగిద్దామన్నా వెలగదు. బట్టీకి గాలి కొట్టే పెద్ద పంకాల హోరు మా కాలనీ ఇళ్ళ గోడల్లోనే ఉండేది. అల్మారాలో గ్లాసులు ఎప్పుడూ సన్నగా వణుకుతుండేవి. కొత్తగా కాపురానికొచ్చిన నెల రోజులు నాకు నిద్ర పట్టలేదు, ఆ తర్వాత అది వినిపించడమే మానేసింది.

ఆ ఏడాది సీసాలు పోసే మిషన్ల దగ్గర ముగ్గురు ఉండాల్సిన చోట ఇద్దరిని పెట్టారు. నెల తిరక్కుండా ఒకతని చెయ్యి మోచేతి దాకా కాలింది. మా తమ్ముడు యూనియన్ కార్యదర్శి. అమ్మ పోయాక నా చేతుల మీద పెరిగినవాడు, మిషను దగ్గర ఆ కాలిన మనిషిని మొదట లాగినవాడూ వాడే. మూడో మనిషి లేకుండా మిషను ముట్టుకునేది లేదని సమ్మెకు దిగారు. బట్టీ సంగతి అందరికీ తెలుసు గనక అక్కడ మాత్రం నలుగురు పనిచేయాలని కంపెనీ, యూనియన్ ఒప్పుకున్నాయి. ఆ నలుగురిలో మా ఆయన ఒకడు.

సమ్మె మొదలైన వారమే మా స్త్రీల కూటంలో చీటీలు తీసే వంతు వచ్చింది. ప్రతి గురువారం మధ్యాహ్నం పాస్టరమ్మ ఇంటి ముందు గదిలో కలిసేవాళ్ళం, మా అత్తయ్య కూడా వచ్చేది. చీటీల పద్ధతి ఆవిడ పెట్టిందే. మూడు నెలలకోసారి ఎవరి మనవి వాళ్ళు చిన్న కాగితం మీద రాసి, పేరు పెట్టకుండా మడిచి, బుట్టలో వేయాలి. బుట్ట తిరుగుతుంది. ఎవరికి ఏ చీటీ వస్తే అది జవాబు వచ్చేదాకా ఆ మనిషిదే. సొంత అవసరంలా రోజూ దేవుడి ముందు పెట్టాలి. మార్చుకోకూడదు, ఎవరికి ఏది వచ్చిందో చెప్పుకోకూడదు. పేరు లేకపోతేనేం, చేతిరాత ఉంటుంది కదా. ఇరవై మందిమి, ఎవరి రాత ఎవరిదో అందరికీ తెలుసు.

నేను నా చీటీలో "సమ్మె గెలవాలి, మా తమ్ముడి పరువు నిలవాలి" అని రాశాను. బుట్ట నా దగ్గరికి వచ్చాక చెయ్యి పెట్టి ఒకటి తీశాను. ఇంటికెళ్ళి వంటింట్లో విప్పి చూశాను. అచ్చు గుద్దినట్టు గుండ్రటి అక్షరాలు. "బట్టీ ఆరిపోకూడదు. దాన్ని కాపాడు ప్రభువా." అంతే.

ఆ రాత మేనేజరమ్మది. మా ఫ్యాక్టరీ మేనేజరు భార్య. మనిషి నెమ్మది, ఎవరి జోలికీ పోదు, కానీ మేనేజరు భార్య. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడ ఒకడి చెయ్యి కాలింది, ఇక్కడ ఈవిడకు బట్టీ బెంగ. చీటీని బియ్యం డబ్బా కింద దూర్చి పని చూసుకున్నాను.

మర్నాడు పొద్దున మోకరిస్తే ఆ చీటీ గుర్తొచ్చింది. వంతుకొచ్చిన మనవిని వదిలేయడం తప్పని తెలుసు. తెలిసీ ఏం చేశానంటే, దాన్ని తిరగేశాను. "ప్రభువా, ఆవిడ ఇలా అడుగుతోంది. నువ్వు మాత్రం ఆ బట్టీని ఆర్పెయ్. ఆరితేగానీ వాళ్ళకు బుద్ధి రాదు." ఆ రోజే కాదు, ప్రతిరోజూ అదే అడిగాను. చివర్లో మామూలుగా "నీ చిత్తమే జరగనీ" అన్నాను.

మూడు వారాలు గడిచాయి. మా ఆయన రోజూ గేటు ముందు కూర్చున్నవాళ్ళ మధ్యలోంచి లోపలికి వెళ్ళేవాడు. మొదటి వారం "మేస్త్రీ, నీ పెళ్ళాన్ని చూసుకో, బట్టీని మేం చూసుకుంటాం" అని ఆటపట్టించేవాళ్ళు. రెండో వారం పలకరించడం మానేశారు. మూడో వారం ఆయన వస్తుంటే మొహాలు తిప్పుకునేవాళ్ళు. ఆయన ఇంటికొచ్చి బూట్లు విప్పి, అన్నం తిని, గోడకానుకుని కూర్చునేవాడు.

ఒక సాయంత్రం తమ్ముడు వచ్చాడు. నేను టీ పెట్టాను. అత్తయ్య మంచం మీద కూర్చుని వింటోంది, ఆవిడకు చెవి సగమే పనిచేస్తుంది గనక అందరి మొహాలూ చూస్తోంది.

"బావా, ఇరవై రెండు రోజులైంది. వాళ్ళు ఒక్క మెట్టు దిగలేదు. ఎందుకో తెలుసా?"

"చెప్పు."

"బట్టీ మండుతోంది కాబట్టి. వాళ్ళకు భయం లేదు. నువ్వు లోపల కూర్చుని వాళ్ళ ఆస్తిని వెచ్చగా ఉంచుతున్నావు."

"అది వాళ్ళ ఆస్తా?"

"మరెవరిది?"

"ఆరితే తెలుస్తుందిలే, ఎవరిదో."

తమ్ముడు టీ గ్లాసు కింద పెట్టాడు. "కమిటీ తీర్మానం అయింది. రేపట్నుంచి మీ నలుగురూ బయటికి రావాలి. నాలుగు రోజులు చాలు, వాళ్ళే కాళ్ళబేరానికొస్తారు."

"నాలుగు రోజులు మంట తగ్గించి పట్టుకోవచ్చురా, తెలిసినవాడు ఉంటే. లోపల మిగిలేది మేనేజరు, ఇద్దరు గుమాస్తాలు."

"మేనేజరుకి చదువుంది."

"చదువుంది. కన్ను లేదు."

"నువ్వు యూనియన్ మనిషివా కాదా బావా? అది చెప్పు చాలు."

మా ఆయన నా వైపు చూశాడు. నేను గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను. కాసేపటికి "సరే, రేపట్నుంచి లోపలికి వెళ్ళను" అన్న మాట వినిపించింది. వాడు వెళ్తూ వంటింటి గుమ్మం దగ్గర ఆగి, "అక్కా, బావని చూసుకో" అన్నాడు. నేను నవ్వి పంపాను. నా ప్రార్థన కదులుతోందని లోలోపల పొంగిపోయాను.

మూడో రోజు పొద్దున్నే పెరటి తలుపు చప్పుడైంది. తీస్తే మేనేజరమ్మ. జుట్టు ముడి సగం ఊడిపోయి ఉంది, చెప్పులు లేవు. ఎప్పుడూ మా పెరటి వైపు వచ్చిన మనిషి కాదు.

"అక్కా, మా ఆయనకు చేతకావడం లేదు. రెండు రాత్రుల్నుంచి కన్ను మూయలేదు. వేడి పడిపోతోందట. వెనక చిన్న గేటు తీసి ఉంచారు, ఎవరూ చూడరు. ఒక్క పూట అన్నయ్యని పంపండి."

నేను నోరు తెరిచేలోపల వెనక నుంచి బూట్ల చప్పుడు వినిపించింది. మా ఆయన అప్పటికే లేసులు కట్టుకుంటున్నాడు. పొద్దున్నే లేచి గోడకు చెవి ఆనించి కూర్చున్న మనిషి, ఆవిడ చెప్పకముందే ఆయనకు తెలిసినట్టుంది.

నేను గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను.

"మీరు ఇప్పుడు వెళ్తే నా తమ్ముడు రేపు ఈ కాలనీలో తలెత్తుకోలేడు. వాడిని నా చేతులతో పెంచాను. వాడా బట్టీయా, ఇక్కడే తేల్చుకోండి."

ఆయన నన్ను తోసుకుని వెళ్ళొచ్చు. నా కంటే రెండింతల మనిషి. కాసేపు నా మొహంలోకి చూశాడు. తర్వాత వంగి లేసులు విప్పుకున్నాడు, బూట్లు రెండూ జతగా గోడవార పెట్టాడు.

"అమ్మా," అన్నాడు మేనేజరమ్మతో, నా భుజం మీదుగా. "సార్‌కి చెప్పండి. నాలుగో బర్నరు ముందు తగ్గించమనండి, మిగతావి కదపొద్దనండి. మంట కొస ఎదురు గోడకు తగలకూడదు. పంకా ఒకటి ఆగితే రెండోది వెంటనే వేయాలి, ఆలోచిస్తూ కూర్చోకూడదు. గుర్తుంటుందా?"

ఆవిడ పాఠం అప్పజెప్పినట్టు ఒకసారి తిరిగి చెప్పింది. ఒక చోట తప్పితే ఆయన దిద్దాడు. "నాలుగోది ముందు, నాలుగోది ముందు" అని గొణుక్కుంటూ ఆవిడ వట్టికాళ్ళతో సందులోంచి పరుగెత్తింది. ఆ పరుగు చూసి నాకు జాలి కలగలేదు. కలిగిందని రాస్తే అబద్ధమవుతుంది.

మర్నాడు పదిన్నర ప్రాంతంలో కూరగాయలు తరుగుతున్నాను. మంచం మీద నుంచి అత్తయ్య పిలిచింది.

"ఏమ్మా, నా రెండో చెవి కూడా పోయిందా?"

"లేదత్తయ్యా, ఏం?"

"ఏమీ వినిపించడం లేదు."

అప్పుడు అర్థమైంది. అల్మారాలో గ్లాసులు కదలకుండా ఉన్నాయి. పక్కింట్లో ఎవరో చెంబు దించిన చప్పుడు మా ఇంట్లో దించినంత స్పష్టంగా వినపడింది. బయటికొచ్చి చూస్తే వరసలో ఆడవాళ్ళందరూ గుమ్మాల్లో నిలబడి ఉన్నారు. మా ఆయన మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

తమ్ముడు నలుగురైదుగురిని వెంటేసుకుని వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "అయిపోయింది బావా. సాయంత్రానికల్లా కబురు పంపుతారు చూడు."

"ఎన్నింటికి ఆగింది?"

"పదీ ఇరవైకి."

"కూర్చో," అన్నాడు మా ఆయన. "సాయంత్రం దాకా నా పక్కన కూర్చో."

వాడు నవ్వుతూనే కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటాక ఫ్యాక్టరీ వైపు నుంచి ఒక చప్పుడు వచ్చింది, పెద్ద దుంగ విరిగినట్టు. కాసేపాగి ఇంకొకటి. ఏమిటది అని తమ్ముడు అడిగాడు. "కప్పు ఇటుక," అన్నాడు మా ఆయన. ఆ తర్వాత ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా ఆయన భుజం కొద్దిగా కదిలేది, తమ్ముడు ఆ భుజం వంక చూసేవాడు. వాడి వెంట వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. సాయంత్రం ఎవరూ కబురు పంపలేదు.

ఆ గురువారం కూటం నుంచి తిరిగొస్తున్నాం, అత్తయ్యా నేనూ. ఆవిడ నా చెయ్యి పట్టుకుని మెల్లగా నడుస్తోంది. దారిలో తనలో తను అనుకుంటున్నట్టు అంది, "ఆ చీటీ ఎవరికొచ్చిందో, పాపం. ఎంత కుమిలిపోతోందో."

"ఏ చీటీ అత్తయ్యా?"

"మా వాడిది, నీ మొగుడిది. నీకు చెప్పొద్దన్నాడులే. ఇప్పుడు దాచి ఏం లాభం. సమ్మె మొదలయ్యే ముందు రోజు నువ్వు దుకాణానికెళ్ళావు చూడు, అప్పుడొచ్చి, 'అమ్మా, మీ కూటంలో నా పేరున ఒక మాట రాయించు' అన్నాడు. పుట్టాక మొదటిసారమ్మా వాడు దేవుడిని నోరు తెరిచి అడగడం. బట్టీ ఆరిపోకూడదని రాయించమన్నాడు. నాకు అక్షరం ముక్క రాదు కదా, మేనేజరమ్మ చేత రాయించాను."

చదువు రాని ముగ్గురు నలుగురికి మేనేజరమ్మే చీటీలు రాసిపెడుతుందని నాకు తెలియదా? ఏళ్ళ తరబడి నా కళ్ళ ముందే రాస్తోంది. ఆ రోజు కోపంలో అది గుర్తుకు రాలేదు, అంతే. జన్మలో ఒక్కసారి మా ఆయన ఒకటి అడిగితే అది తిన్నగా నా చేతికే వచ్చింది. నేను దానికి ఎదురు ప్రార్థన చేశాను. ఆయన బూట్లు వేసుకుంటే గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. ఇంటికి రాగానే బియ్యం డబ్బా కింది చీటీ తీసి మళ్ళీ చదివాను.

మర్నాడు పాస్టరమ్మ దగ్గరికి పోయాను. ఆవిడ అయ్యగారి తెల్ల అంగీ ఇస్త్రీ చేస్తోంది. నేను తలుపు దగ్గరే నిలబడి మొత్తం చెప్పేశాను. ఆవిడ ఇస్త్రీ ఆపలేదు.

"అయితే నువ్వు అడిగావు గనక ఆయన ఆర్పేశాడంటావు."

"అవునమ్మగారూ."

"అడిగిందల్లా అలా చేసిపెట్టేవాడైతే, ఇరవై ఏళ్ళుగా నేనడుగుతున్నాను, అయ్యగారి ప్రసంగం ఈపాటికి అరగంటలో ముగిసేది."

నాకు నవ్వు రాలేదు. ఆవిడా నవ్వలేదు.

"నువ్వు చేసింది చిన్న తప్పని అనడం లేదు. మొగుడికి చెప్పుకోవాలి, ఎప్పుడో ఒకప్పుడు. కానీ ఒకటి చూడు. నువ్వు ఆర్పమన్నావు, అతను ఆరకూడదన్నాడు, మీ తమ్ముడొకటి, మేనేజరమ్మ ఒకటి. ఇంతమందిమి తలా ఒక కాగితం ఆయన చేతిలో పెట్టి నిలబడ్డాం. ఈ చోట నువ్వేం చేయాలనుకుంటున్నావయ్యా అని ఒక్కరమైనా అడిగామా? బుట్ట తిప్పిన నేనైనా అడిగానా?"

"అడిగితే చెప్తాడా?"

"తెలీదు." అంగీ తిరగేసి చేతులు సర్దింది. "పరలోక ప్రార్థన రోజూ చెప్తావు కదా. అందులో అనుదినాహారం, మన రొట్టె, ఎక్కడుంది?"

మనసులో చెప్పుకుని చూశాను. "మధ్యలో."

"దానికి ముందు ఏముంది?"

"ఆయన పేరు. ఆయన రాజ్యం. ఆయన చిత్తం."

"అంతా ఆయన సంగతే. మనం ఆ మూడు మాటలూ ఊపిరి తీసుకోకుండా దాటేసి రొట్టె దగ్గరికొచ్చి ఆగుతాం. ఆకలి తప్పని కాదు, ఆయనే అడగమన్నాడు. కానీ నువ్వు కొన్నాళ్ళు రొట్టె దాకా రాకు. ఆ మూడింటి దగ్గరే ఉండు."

చెప్పినంత తేలిక కాదది. పొద్దున చాప వేసుకుని ఆ మూడు మాటలూ అని ఆగేదాన్ని. ఆగగానే నా నాలుక అలవాటుకొద్దీ పనుల చిట్టా విప్పేది. ఆపేదాన్ని. ఆపితే ఇంక చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. అవతలి నుంచి కూడా ఏమీ వచ్చేది కాదు. వట్టి చేతులతో ఒకరి గుమ్మంలో నిలబడి, లోపల మనిషి ఉన్నాడో లేడో తెలియక, తిరిగి పోనూ లేక ఉన్నట్టుండేది. ఒకరోజు కాలిన చేతి మనిషి భార్య గుర్తొచ్చింది. సమ్మె గెలవాలని అంతగా మొత్తుకున్నదాన్ని, ఆమె ఇంటికి ఒక్కసారి వెళ్ళలేదు. "ఆమె విషయంలో నీ ఉద్దేశం ఏమిటి?" అని అడిగాను. జవాబు రాలేదు. ఆ మధ్యాహ్నం వెళ్ళి ఆమె పిల్లలకు తలలు దువ్వి వచ్చాను. అది జవాబో కాదో నాకు తెలియదు.

గేటు మీద నోటీసు పడింది. ఫ్యాక్టరీ ఇక తెరవరు. వరసలో ముందు రెండిళ్ళకు తాళాలు పడ్డాయి, తర్వాత ఐదింటికి. మేనేజరు కుటుంబం కూడా వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు రోజు నేను వాళ్ళింటికి పోయి, పాత కాగితాల్లో ఆవిడ గ్లాసులు చుట్టిపెట్టాను. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచి రెండుసార్లూ మూసుకున్నాను. ఆవిడే అంది, "నాలుగోదే ముందు తగ్గించారక్కా. అన్నయ్య చెప్పినట్టే చేశారు. అయినా నిలవలేదు." ఆవిడ నన్ను ఓదారుస్తోందో, తనను తనే ఓదార్చుకుంటోందో అర్థం కాలేదు.

తమ్ముడు మా ఇంటి వైపు రావడం మానేశాడు. వాడిని భుజాల మీద మోసినవాళ్ళే వాడు ఎదురైతే రోడ్డు దాటిపోతున్నారు. రెండు పూటలు క్యారేజీ పంపితే ముట్టకుండా వెనక్కి పంపాడు. అక్కను, వాడికి ధైర్యం చెప్పాల్సినదాన్ని, కానీ ఏం చెప్పను? వాడు తప్పు చేశాడనడానికి నోరు రాదు, చేయలేదనడానికి బట్టీ అక్కడ చల్లగా పడి ఉంది.

చివరికి మా ఆయనే వాడి దగ్గరికి వెళ్ళాడు. బట్టీలో గడ్డకట్టిన గాజును పగలగొట్టి, ఇనుమూ ఇటుకా వేరు చేసి, జాగా ఖాళీ చేసే పనికి మనుషులు కావాలని పిలిచారు. ఏ గోడ ఎక్కడ ఉందో తెలిసిన మనిషి గనక ఆయనను ముందు రమ్మన్నారు. ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రమే వాడింటికి బయల్దేరితే నేనూ వెంట వెళ్ళాను. తమ్ముడు లుంగీ మీద, గడ్డం పెరిగి, గది మూల కూర్చుని ఉన్నాడు. మా ఆయన లోపలికి కూడా పోలేదు.

"రేపు పొద్దున ఆరింటికి రా. సుత్తి నేను తెస్తాను."

"నా మొహం ఎలా చూస్తావు బావా?"

"లోపల చీకటిగా ఉంటుంది. ఏం కనపడదు."

అలా ఇద్దరూ పనిలోకి దిగారు. పదకొండేళ్ళు కాపాడిన దాన్ని ముక్కలు ముక్కలుగా పగలగొట్టి బయటికి మోశారు. సాయంత్రాలు ఇద్దరి చేతులకూ గీతలు. వాడి అరచేతుల్లో గాజు పొడి తీస్తూ లోపల ఎలా ఉందని అడిగితే, "ఆకుపచ్చగా ఉందక్కా," అన్నాడు. "చాలా లోతు ఉంది."

వేసవి అయిపోవచ్చింది. పని ఇంకో వారంలో ముగుస్తుంది. ఆ తర్వాత ఏం చేస్తామో, ఎక్కడుంటామో మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు. ఒక రోజు తెల్లవారి నేను చాప మీద ఉన్నాను. మా ఆయన పనికి సిద్ధమై నీళ్ళు తాగడానికి వచ్చాడు. ఇంక దాచుకోవడం నా వల్ల కాలేదు. మోకాళ్ళ మీదే ఉండి, ఆయన వైపు తిరక్కుండా చెప్పేశాను. చీటీ నాకే వచ్చిందని, మేనేజరమ్మదనుకున్నానని, రోజూ ఆరిపోవాలనే అడిగానని, గుమ్మంలో నిలబడ్డ పొద్దున కూడా దేవుడికి థాంక్స్ చెప్పుకున్నానని.

నీళ్ళ గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. వెళ్ళిపోయాడేమో అనుకున్నాను.

"మీరు ఆ రోజు వెళ్ళుంటే నిలిచేదా?" అని నేనే అడిగాను.

"నాకూ తెలీదు. రోజూ అదే అనుకుంటూ పగలగొడుతున్నాను." గొంతు మామూలుగానే ఉంది. "ఒకే ఇంట్లోంచి ఇద్దరు రెండు రకాలుగా అడిగితే ఆయన మాత్రం ఏం చేస్తాడే."

నేను ఏడ్చాను. ఆయన ఆపమనలేదు, దగ్గరికీ రాలేదు. నా ఏడుపు తగ్గేదాకా నిలబడి ఉన్నాడు.

"ఇప్పుడేం అడుగుతున్నావు?"

"ఏమీ అడగడం లేదు. మాతో ఏం చేద్దామనుకుంటున్నావో అని, అదొక్కటే."

"చెప్పాడా?"

"ఇంకా లేదు."

వీధిలోంచి తమ్ముడు "బావా" అని పిలిచాడు. "ఉండరా, వస్తున్నా" అని కేకేశాడు మా ఆయన. తర్వాత గోడ పట్టుకుని వంగి, వేసుకున్న బూట్లు వేసుకున్నట్టే, చాప అంచున మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"కొంచెం జరుగు," అన్నాడు. నేను జరిగాను.